కొలబద్దకూ కొలత కావాలి: పిల్లల అంచనాలో సంస్కృతి పాత్ర

పిల్లవాడికి మాటలు నిజంగానే ఆలస్యంగా వస్తున్నాయా? చదువులో వెనకబడటానికి కారణం బుద్ధిమాంద్యమా, భాష తెలియకపోవడమా? ఒంటిమీద కనిపిస్తున్నది దెబ్బా, పుట్టుమచ్చా? ఆ ఇంట్లో బిడ్డకు రక్షణ ఉందా? అమెరికాలో ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేది కుటుంబం ఒక్కటే కాదు. శిశువైద్యులు, బడిలోని మనస్తత్వ నిపుణులు, స్పీచ్ థెరపిస్టులు, కౌన్సిలర్లు, శిశు సంరక్షణ శాఖ ఉద్యోగులు ఒక పద్ధతి ప్రకారం పరిశీలించి, ప్రశ్నలడిగి, మార్కులు వేసి ఒక నిర్ణయానికి వస్తారు. ఈ ప్రక్రియను అసెస్‌మెంట్ అంటారు. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట లేదు. మదింపు అంటే పన్నుల శాఖ గుర్తుకొస్తుంది. అంచనా అంటే ఉజ్జాయింపు అన్న ధ్వని వినిపిస్తుంది. అయినా ఇక్కడ అంచనా అనే మాటే మేలు. పిల్లల విషయంలో ఏ కొలతలోనైనా కొంత ఉజ్జాయింపు ఉంటుందన్న సంగతిని ఆ మాట మరవనివ్వదు.

ఈ అంచనాను బట్టి ఒక బిడ్డకు సకాలంలో చికిత్స అందవచ్చు, అందకపోవచ్చు. బిడ్డ పేరు పక్కన ఏళ్ళ తరబడి చెరగని ముద్ర పడవచ్చు. అరుదుగానైనా, బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి మరొకరి ఇంట పెంచడమూ జరగవచ్చు. ఇంత బరువైన నిర్ణయానికి ఆధారమైన కొలతలు ఎవరి పిల్లల్ని చూసి తయారయ్యాయి? ఏ భాషలో అడుగుతున్నారు? ఎవరి ఇంటి అలవాట్లను సహజమని అనుకుంటున్నారు? గత అర్ధశతాబ్దంలో ఈ ప్రశ్నలు అమెరికా న్యాయస్థానాలకూ, చట్టసభలకూ, ఆసుపత్రులకూ చేరాయి. ఆ మథనంలోంచి పుట్టిన భావనను సాంస్కృతిక సామర్థ్యం అంటున్నారు. తమకంటే భిన్నమైన నేపథ్యం ఉన్న కుటుంబాలకు సరైన సేవ అందించగలిగే నేర్పు అని దాని స్థూలమైన అర్థం.

పరీక్ష ఏ భాషలో జరిగింది?

బుద్ధి పరీక్షల చరిత్ర 1905లో పారిస్‌లో మొదలయింది. బడిలో అదనపు సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికి ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి ఒక ప్రశ్నల వరుసను తయారుచేశారు. బినే దృష్టిలో అది సాయం కోసం చేసే వడపోత మాత్రమే. 1916లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ టెర్మన్ దాన్ని అమెరికాకు తగినట్టు మార్చాక, ఆ సంఖ్య పుట్టుకతో వచ్చే, మారని గుణానికి కొలత అన్న నమ్మకం బలపడింది. 1949లో డేవిడ్ వెక్స్‌లర్ పిల్లల కోసం రూపొందించిన పరీక్ష వచ్చి బడులన్నిటా వాడుకలోకి వెళ్ళింది. ఆ తొలి పరీక్షకు ప్రమాణాలు నిర్ణయించడానికి ఎంచుకున్న పిల్లలందరూ తెల్లవారే.

ఇందులోని చిక్కు కాలిఫోర్నియాలో బయటపడింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ళనుంచి వచ్చిన 9 మంది మెక్సికన్ అమెరికన్ పిల్లలకు ఇంగ్లీషులో బుద్ధి పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వచ్చాయని వారిని బుద్ధిమాంద్యం ఉన్నవారి తరగతిలో వేశారు. రెండు భాషలూ తెలిసిన పరీక్షకుడు మళ్ళీ పరీక్షిస్తే వారిలో ఎక్కువమంది ఆ తరగతికి నిర్ణయించిన గీత దాటి పైకి వచ్చారు. పిల్లలు మారలేదు, పరీక్ష భాష మారింది. 1970 నాటి డయానా కేసు ఇదే. పిల్లల్ని వారి మాతృభాషలో కూడా పరీక్షించాలన్న ఒప్పందంతో అది ముగిసింది.

అదే ఏడు మానసిక వైకల్యంపై ఏర్పడిన అధ్యక్షుని కమిటీ ప్రచురించిన ఒక నివేదికకు 'ఆరు గంటల మందబుద్ధి పిల్లవాడు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. బడిలో ఉన్న ఆరు గంటలూ మందబుద్ధిగా ముద్రపడి, ఇంటికి వెళ్ళగానే తమ్ముళ్ళను చూసుకుంటూ, అంగడి పనులు చేస్తూ, వీధిలో చురుకుగా తిరిగే పిల్లల గురించిన నివేదిక అది.

నల్లజాతి పిల్లల తరఫున శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971లో లారీ పి. కేసు దాఖలయింది. అప్పటికి కాలిఫోర్నియా విద్యార్థుల్లో సుమారు పదోవంతు ఉన్న నల్లజాతి పిల్లలు ఆ ప్రత్యేక తరగతుల్లో నాలుగోవంతు దాకా ఉన్నారు. 1979లో న్యాయమూర్తి రాబర్ట్ పెక్‌హామ్, నల్లజాతి పిల్లల్ని ఆ తరగతులకు పంపడానికి బుద్ధి పరీక్షలు వాడకూడదని తీర్పు చెప్పారు. మరుసటి ఏడు షికాగోలో ఇలాంటి కేసునే విన్న న్యాయమూర్తి జాన్ గ్రేడీ, పరీక్షలోని ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా చదివి, పక్షపాతం ఉన్నవి చాలా కొద్దేనని భావించి వేరే తీర్పు ఇచ్చారు. కథ అక్కడితోనూ ఆగలేదు. 1986లో కాలిఫోర్నియాలో నిషేధం మరింత విస్తరించాక, కొందరు నల్లజాతి తల్లిదండ్రులే కోర్టుకెక్కారు. తమ పిల్లల ఇబ్బంది ఏమిటో తెలుసుకోవడానికి మిగతా పిల్లలకు అందుతున్న పరీక్ష తమవారికి మాత్రం ఎందుకు అందకూడదన్నది వారి వాదన. 1992లో అదే పెక్‌హామ్ ఆ విస్తరణను రద్దుచేశారు.

ఈ మూడు తీర్పుల్నీ కలిపి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ముద్ర తప్పుగా పడితే బిడ్డకు నష్టం. అవసరమైన పరీక్ష అందకపోయినా బిడ్డకే నష్టం. పరీక్షను పారేయడం తేలిక. దాని ఫలితాన్ని సరిగా చదవడం కష్టం. 1975లో వచ్చిన వికలాంగ బాలల విద్యా చట్టం ఈ కష్టమైన దారినే ఎంచుకుంది. పరీక్షలు జాతిపరంగా, సాంస్కృతికంగా వివక్ష చూపేవిగా ఉండకూడదనీ, వీలైనంతవరకు పిల్లల సొంత భాషలో జరగాలనీ, ఏ ఒక్క పరీక్షనూ ఏకైక ఆధారంగా తీసుకోకూడదనీ ఆ చట్టం నిర్దేశించింది. ఈ నియమాలు నేటి ప్రత్యేక విద్యా చట్టంలోనూ కొనసాగుతున్నాయి.

ఇంటినుంచి వేరైన పిల్లలు

బడిలో పొరపాటు జరిగితే తరగతి మారుతుంది. శిశు సంరక్షణలో పొరపాటు జరిగితే ఇల్లే మారుతుంది. అమెరికా ఆదివాసుల అనుభవం ఇందుకు పెద్ద నిదర్శనం. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ స్థాపించిన ఆశ్రమ పాఠశాల, ఆదివాసి పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వని బడులకు నమూనా అయింది. ఆ బడులు తగ్గుముఖం పట్టాక దత్తత, పోషక గృహాల పేరిట వేరుచేయడం సాగింది. 1969లోనూ 1974లోనూ జరిగిన సర్వేల్లో ఆదివాసి పిల్లల్లో 25 నుంచి 35 శాతం మంది కన్నవారికి దూరంగా పెరుగుతున్నట్టు తేలింది.

వీరందర్నీ తల్లిదండ్రులు హింసించారా? చట్టసభ ముందుకు వచ్చిన సాక్ష్యాలు వేరే సంగతి చెప్పాయి. బిడ్డను అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో నెలల తరబడి ఉంచడం ఆ సమాజాల్లో పెంపకపు పద్ధతి. అధికారులకు అది బిడ్డను వదిలేయడంగా కనిపించింది. ఇరుకింట్లో ఎక్కువమంది ఉండటం నిర్లక్ష్యంగా కనిపించింది. 1978 నాటి ఆదివాసి బాలల సంక్షేమ చట్టం, బిడ్డను వేరుచేయక తప్పనప్పుడు ముందు బంధువులకూ, తర్వాత అదే తెగవారికీ ప్రాధాన్యం ఇవ్వాలని శాసించింది. 2023లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

అమ్మమ్మ దగ్గర పెరగడం వదిలేయడం కాదని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం, బిడ్డను ఏడాదో రెండేళ్ళో ఊళ్ళో ఉంచడం, పెద్దమ్మనూ పిన్నినీ అమ్మ అన్న మాటతోనే పిలవడం వారికి కొత్త కాదు. దరఖాస్తులో సంరక్షకులు అన్నచోట రెండే గళ్ళుంటే, ఆ కుటుంబం సగమే కాగితం మీదికి ఎక్కుతుంది.

ఆరు మెట్లు

1982లో జేన్ నిట్జర్ రాసిన నివేదిక, తీవ్రమైన మానసిక సమస్యలున్న సుమారు 30 లక్షల అమెరికన్ పిల్లల్లో మూడింట రెండు వంతులమందికి తగిన సేవ అందడం లేదని చూపింది. దాని ప్రభావంతో 1984లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పిల్లల కోసం ఒక కార్యక్రమం ప్రారంభించింది. బడి, వైద్యం, శిశు సంరక్షణ, బాలల న్యాయస్థానం ఎవరికి వారుగా కాక, కుటుంబం చుట్టూ ఒకే వ్యవస్థగా పనిచేయాలన్నది దాని ఆశయం. ఆ వ్యవస్థ అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ఎలా పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబుగా, 1989లో టెర్రీ క్రాస్, బార్బరా బాజ్‌రన్, కార్ల్ డెనిస్, మరీసా ఐజాక్స్ రాసిన గ్రంథాన్ని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వెలువరించింది. వీరిలో క్రాస్ సెనెకా తెగకు చెందినవారు. ఆదివాసి బాలల సంక్షేమం కోసం జాతీయ సంస్థను స్థాపించినవారు.

సంస్థల తీరును వారు ఆరు మెట్లుగా వివరించారు. మొదటిది విధ్వంసం. కార్లైల్ తరహా బడులు ఈ మెట్టు మీదివి. రెండవది అశక్తత. ద్వేషం లేకపోయినా తక్కువ చూపు ఉంటుంది, సాయపడే శక్తి ఉండదు. మూడవది అంధత్వం. అందరినీ ఒకేలా చూస్తున్నాం, మాకు తేడా లేదు అని గర్వంగా చెప్పుకునే స్థితి. నాల్గవది సామర్థ్యానికి ముందు దశ. లోపం తెలిసివచ్చి ప్రయత్నం మొదలవుతుంది, అయితే ఒక ఉద్యోగిని నియమించుకోగానే పని అయిపోయిందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఐదవది సామర్థ్యం, ఆరవది ప్రావీణ్యం.

వీటిలో మూడవ మెట్టు గురించే ఎక్కువ ఆలోచించాలి. దానిమీద నిలబడ్డవారు మంచివారే. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే సమయం, ఒకే ఫారం అనేది న్యాయంగానే తోస్తుంది. అయితే ఆ ఫారం ఎవరో ఒకరి ఇంటిని మనసులో పెట్టుకుని రాసిందే. తెలుగు పిల్లల విషయంలో ఈ అంధత్వానికి మరో రూపం ఉంది. భారతీయుల పిల్లలు బాగా చదువుతారు, వారి ఇళ్ళల్లో సమస్యలుండవు అన్న పొగడ్త అది. మంచి మార్కులు తెచ్చుకుంటున్న అమ్మాయి నిద్రపోవడం లేదని ఎవరూ అడగరు. పొగడ్త కూడా ఒక ముద్రే. దానివల్ల సాయం ఆలస్యమవుతుంది.

మెర్సెడ్ పాప

సామర్థ్యం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా వైద్య కళాశాలల్లో తరచు ప్రస్తావించే ఉదాహరణ కాలిఫోర్నియాలోని మెర్సెడ్ పట్టణానిది. ఆన్ ఫాడిమన్ 1997లో ప్రచురించిన పుస్తకం ద్వారా అది లోకానికి తెలిసింది. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబంలో 1982లో పుట్టిన పాపకు మూడో నెలలోనే మూర్ఛలు మొదలయ్యాయి. తొలిసారి ఆసుపత్రికి తెచ్చినప్పుడు దుబాసి లేడు. అప్పటికి మూర్ఛ ఆగిపోయి దగ్గు మాత్రం ఉండటంతో ఊపిరితిత్తుల జబ్బుకు మందిచ్చి పంపారు. అసలు జబ్బు తెలిశాక నాలుగేళ్ళలోపు మందుల చీటీ 23 సార్లు మారింది. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు, చదువు రాదు. ఆత్మ పట్టుకున్నందువల్ల బిడ్డ పడిపోతోందని వారి నమ్మకం. ఆ జబ్బంటే వారికి దిగులూ ఉంది, గౌరవమూ ఉంది. మందులు సరిగా వేయడం లేదన్న కారణంతో 1985లో పాపను దాదాపు ఏడాదిపాటు పోషక గృహంలో ఉంచారు. 1986లో వచ్చిన తీవ్రమైన మూర్ఛ, దానితోపాటు రక్తంలో పాకిన ఇన్‌ఫెక్షన్ తర్వాత పాప మెదడు తిరిగి కోలుకోలేదు.

ఈ కథలో దుర్మార్గులు లేరు. వైద్యులు శ్రద్ధగలవారు, రాత్రులు మేల్కొన్నవారు. తల్లిదండ్రులు బిడ్డను ప్రాణంగా చూసుకున్నవారు. ఇరువైపులా ప్రేమ ఉండి కూడా ఒకరి అంచనా మరొకరికి చేరలేదు. వైద్యుల కాగితంలో తల్లిదండ్రులు మందులు వేయని మనుషులు. తల్లిదండ్రుల దృష్టిలో ఆ మందులే బిడ్డను మత్తులో ముంచుతున్నాయి. రోజుకు ఒకే పూట, ఒకే మందు అన్నట్టుగా చికిత్సను తేలిక చేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ కథ చదివిన ప్రతి వైద్యుడికీ మిగిలిపోతుంది.

వైద్యుడికి మూర్ఛ అంటే మెదడులో విద్యుత్ ప్రవాహపు కల్లోలం. గాలి సోకిందనో గ్రహం పట్టిందనో చెప్పే మాటలు తెలుగు పల్లెల్లోనూ వినబడేవే. ఆ మాట విన్న వైద్యుడు నవ్వితే తల్లి రెండోసారి చెప్పదు. చెప్పకపోతే, మందుతోపాటు తాయెత్తు కట్టారో, మందు మానేసి తాయెత్తు కట్టారో తెలిసే దారి మూసుకుపోతుంది.

తెలుగు ఇంట్లో కొలతలు

పిల్లల ఎదుగుదలను వడపోసే పరీక్షల్లో డెన్వర్ పరీక్ష ప్రసిద్ధమైనది. 1967లో డెన్వర్ నగరపు పిల్లల్ని చూసి దాన్ని రూపొందించారు, 1992లో సవరించారు. చెంచా వాడటం, బట్టలు తానే వేసుకోవడం, తనకు కావలసిన సీరియల్ తానే కలుపుకోవడం వంటి అంశాలు అందులో ఉన్నాయి. తెలుగు ఇంట్లో నాలుగేళ్ళ బిడ్డకు కూడా గోరుముద్దలు తినిపిస్తారు. చెంచా ఇవ్వని చోట చెంచా వాడటం రాదు. వేళ్ళలో పట్టు లేక రాలేదా, అవకాశం లేక రాలేదా అన్నది మార్కుల కాగితం చెప్పదు. ఆ బిడ్డ గచ్చుమీద రాలిన మరమరాన్ని రెండు వేళ్ళతో ఏరి నోట్లో వేసుకుంటున్నాడా అని అడిగితే తెలుస్తుంది. అక్కడా రాకపోతే అప్పుడు నిజంగానే ఆలోచించాలి.

మాటల విషయంలో పొరపాట్లు మరింత ఎక్కువ. రెండేళ్ళ బిడ్డకు ఎన్ని మాటలు వచ్చు అని ఇంగ్లీషులో అడిగితే తల్లి ఇంగ్లీషు మాటలే లెక్కపెడుతుంది. పాలు, బువ్వ, తాత, కాకి లెక్కలోకి రావు. రెండు భాషల ఇంట్లో పెరిగే బిడ్డకు రెండిటిలోని మాటలూ కలిపి లెక్కించాలి. ఒకే వాక్యంలో రెండు భాషలూ కలపడం జబ్బు లక్షణం కాదు, రెండు భాషల పిల్లల్లో సహజం. తెలుగులో వకారం ఒక్కటే కనుక ఇంగ్లీషులోని రెండు వేర్వేరు ధ్వనుల్నీ పిల్లవాడు ఒకేలా పలకవచ్చు. క్రియ చివర వచ్చే భాష నుంచి వచ్చినవాడు ఇంగ్లీషు వాక్యాన్ని కొంతకాలం తలకిందులుగా కట్టవచ్చు. ఇవి తేడాలు, లోపాలు కావు. అసలైన భాషాలోపం ఉన్న బిడ్డకు అది రెండు భాషల్లోనూ కనబడుతుంది. కనుక తెలుగులో ఎలా మాట్లాడుతున్నాడని అడగకుండా లోపం ఉందనీ లేదనీ తేల్చడం కుదరదు. ఇంట్లో తెలుగు మానేయండి అన్న సలహాకు ఆధారం లేదు. దానివల్ల బిడ్డకు అమ్మమ్మతో మాట పోతుంది.

దీనికి మరో పార్శ్వం ఉంది. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయనీ, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే వచ్చాయనీ పెద్దలు ఇచ్చే ధైర్యం ఆదరంతో చెప్పేదే. అయితే పిలిస్తే పలకకపోవడం, కావలసినది వేలితో చూపకపోవడం, తోటివారి వైపు చూడకపోవడం ఏ సంస్కృతిలోనూ అలవాటు కింద కొట్టిపారేయదగినవి కావు. ఆటిజం ఉన్న బిడ్డకు తొందరగా మొదలుపెట్టిన శిక్షణే ఎక్కువ మేలు చేస్తుంది. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో పోగొట్టుకున్న ఏడాది తిరిగిరాదు.

ఒంటిమీది గుర్తులు

1974 నాటి చట్టం తర్వాత అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ, బిడ్డపై హింస జరిగిందన్న అనుమానం కలిగితే వైద్యులూ ఉపాధ్యాయులూ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. రుజువు దొరికేదాకా ఆగే వీలు లేదు. అందువల్ల ఏది అనుమానించదగినదో తెలిసి ఉండటం అవసరం.

1976లో పీడియాట్రిక్స్ పత్రికలో వియత్నాం పిల్లల గురించి ఒక వ్యాసం వచ్చింది. జ్వరం వస్తే నూనె రాసి నాణెం అంచుతో వీపుమీద గీసే గృహవైద్యం అక్కడ ఉంది. ఆ ఎర్రటి చారలు కొరడా దెబ్బల్లా కనబడి తల్లిదండ్రుల మీద అనుమానాలకు దారితీశాయి. దక్షిణాసియా శిశువుల్లో చాలామందికి నడుము కింద, పిరుదుల మీద నీలి బూడిదరంగు మచ్చలుంటాయి. అవి పుట్టుకతో వచ్చి కొన్నేళ్ళలో మాసిపోతాయి. చూడని కంటికి కమిలిన దెబ్బల్లా ఉంటాయి. పుట్టినప్పుడే వాటిని రికార్డులో రాసి ఉంచితే, ఆరు నెలల తర్వాత డేకేర్‌లో ఎవరో భయపడి ఫోను చేసే అవసరం రాదు.

అంతమాత్రాన అలవాటు అన్న మాట అన్నిటికీ గొడుగు కాదు. కామెర్లకో ఫిట్సుకో పసిబిడ్డ పొట్టమీద వాతలు పెట్టడం మన ప్రాంతాల్లో ఉన్న ఆచారమే. నాణెపు గీతకూ వాతకూ ఉద్దేశంలో తేడా లేదు, రెండూ బిడ్డ బాగుపడాలనే. ఫలితంలో తేడా ఉంది. వాత అంటే కాలిన గాయం. చీము పట్టవచ్చు, పైగా అసలు చికిత్స ఆలస్యమవుతుంది. కాటుక, దిష్టిచుక్క ముచ్చటైనవే, కానీ దుకాణాల్లో కొనే కొన్ని కాటుకల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. సామర్థ్యం ఉన్న వైద్యుడు ఇక్కడ రెండు పనులు చేయాలి. బిడ్డకు హాని జరుగుతుంటే ఆపాలి. ఆపేటప్పుడు తల్లిని నేరస్థురాలిగా నిలబెట్టకుండా, ఆమె కోరుకున్న మేలుకు మరో దారి చూపాలి. సంస్కృతిని తెలుసుకోవడం హింసను క్షమించడానికి కాదు. హింస ఏదో, కానిది ఏదో సరిగా గుర్తించడానికి.

అడిగే ప్రశ్న, మోసే గొంతు

1978లో ఆర్థర్ క్లైన్‌మన్, లియొన్ ఐజెన్‌బర్గ్, బైరన్ గుడ్ ఒక వైద్య పత్రికలో సూచించిన పద్ధతి చాలా సరళమైనది. ఈ బాధను మీరేమని పిలుస్తారు, ఎందువల్ల వచ్చిందనుకుంటున్నారు, దీనివల్ల దేనికి ఎక్కువగా భయపడుతున్నారు, ఎలాంటి చికిత్స మేలనుకుంటున్నారు అని రోగినే అడగాలి. ఈ ఆలోచనే పెరిగి పెద్దదై, 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించిన ఐదవ నిర్ధారణ గ్రంథంలో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూగా చోటు చేసుకుంది. బడి వయసు పిల్లలకూ, కౌమారంలో ఉన్నవారికీ అదనపు ప్రశ్నలున్నాయి.

ఈ ప్రశ్నల విలువ ఒక తెలుగు మాటతో తెలుస్తుంది. ఆరు నెలలు మనవడి దగ్గర ఉన్న అమ్మమ్మ వీసా గడువు ముగిసి ఊరికి వెళ్ళిపోతుంది. బిడ్డ అన్నం మానేస్తాడు, జ్వరం వస్తుంది, మళ్ళీ పక్క తడుపుతాడు. ఇంట్లోవారు బెంగ పెట్టుకున్నాడంటారు. ఆ ఒక్క మాటలో కారణం ఉంది, లక్షణం ఉంది, మందు కూడా ఉంది. ఆ మాట అడిగి తెలుసుకోని కాగితంలో ఆకలి లేమి, జ్వరం, ఎదుగుదలలో వెనకడుగు అని మూడు వేర్వేరు సమస్యలు కనిపిస్తాయి. తెలుసుకున్న వైద్యుడు మొదట వీడియోలో అమ్మమ్మతో మాట్లాడించమంటాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ చూస్తాడు. బెంగే అయితే అప్పటికి తగ్గుతూ ఉంటుంది, కాకపోతే మరో కారణం వెదకాలి.

ఆ మాట గొంతు దాటి గది దాటాలంటే దుబాసి కావాలి. పెదనాన్న, బాబాయి, మామయ్య ముగ్గురినీ అంకుల్ అని అనువదించే దుబాసి కుటుంబాన్ని సగం చెరిపేస్తాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన పదేళ్ళ పిల్లను దుబాసిగా కూర్చోబెట్టడం మరీ ప్రమాదం. తల్లి తన దుఃఖాన్నీ, తండ్రి కోపాన్నీ కూతురి నోటితో చెప్పించలేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతీయ మూలం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. ఆ చట్టం ఆధారంగానే ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు భాషా సాయం అందించాలి. అత్యవసర పరిస్థితి తప్ప మైనరు పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని 2016 నాటి ఆరోగ్య నిబంధనలు చెప్పాయి. భాషా సాయంపై 2000లో వచ్చిన అధ్యక్షుని ఉత్తర్వును 2025 మార్చిలో ఉపసంహరించారు. అయితే దానికి మూలమైన చట్టం అలాగే ఉంది.

సంస్థల్ని కొలవడం

ఇంతవరకు అంచనా అంటే పిల్లల్నీ కుటుంబాన్నీ కొలవడం. 1989 నాటి గ్రంథం ఆ కొలతను తిప్పి సంస్థవైపే పెట్టింది. భిన్నత్వాన్ని గౌరవించడం, భేదాలు కలిసినచోట పుట్టే ఘర్షణను ఎరిగి ఉండటం, తెలిసినదాన్ని సంస్థ నియమాల్లో ఇమడ్చడం, సేవను దానికి తగ్గట్టు మార్చుకోవడంతోపాటు, తనను తాను అంచనా వేసుకోవడం సామర్థ్యానికి అవసరమైన ఐదు అంశాల్లో ఒకటని చెప్పింది. 1995లో పోర్ట్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మేసన్ ఇందుకోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఆరోగ్య శాఖ 2000లో సాంస్కృతిక, భాషా సేవలకు 14 జాతీయ ప్రమాణాలు ప్రకటించింది. 2013లో సవరించి 15 చేసింది.

వీటికీ పరిమితులున్నాయి. తన గురించి తానే నింపుకునే కాగితంలో ఉద్యోగి తనకు మంచి మార్కులే వేసుకుంటాడు. శిక్షణ వల్ల ఉద్యోగుల జ్ఞానం, వైఖరి మెరుగవుతున్నాయని అధ్యయనాలు చూపాయి. రోగుల ఆరోగ్యం మెరుగైందన్నదానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయని 2014 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇంకో ప్రమాదం, శిక్షణే కొత్త మూసగా మారడం. భారతీయులు కళ్ళలోకి చూసి మాట్లాడరు, తండ్రిదే తుదిమాట అని ఒక పేజీ చదివి వచ్చిన కౌన్సిలర్, ఎదుట కూర్చున్న కుటుంబాన్ని ఇక చూడనవసరం లేదనుకుంటాడు. తెలుగువారిలోనే ఊరు, కులం, మతం, చదువు, వీసా స్థితి, అమెరికాలో గడిపిన ఏళ్ళు ఎంతో తేడా తెస్తాయి. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మరే గార్సియా ఇందుకే సామర్థ్యం కంటే వినయం అన్న మాట మేలన్నారు. ఒకసారి నేర్చి పూర్తిచేసే విద్య ఇది కాదనీ, ప్రతి కుటుంబం ముందూ మళ్ళీ విద్యార్థిగా కూర్చోవాలనీ వారి భావం.

అందువల్ల సంస్థను నిజంగా కొలవాలంటే ఉద్యోగుల అభిప్రాయాలకంటే లెక్కలు చూడాలి. దుబాసి అవసరమైన కుటుంబాల్లో ఎందరికి దొరికాడు? ఏ వర్గపు పిల్లలు ప్రత్యేక తరగతుల్లో తమ పాలుకంటే ఎక్కువగా ఉన్నారు, ఏ వర్గపు పిల్లలు థెరపీలో తక్కువగా ఉన్నారు? తొలిసారి వచ్చి రెండోసారి రానివారు ఎవరు? సమాధానాలు సంస్థ దగ్గరే ఉంటాయి, అడిగేవారు కావాలి.

కుటుంబాలకూ కొంత పని ఉంది. బిడ్డకు బడిలో పరీక్ష అంటే సంతకం పెట్టేముందు, ఏ పరీక్ష, ఏ భాషలో, ఎందుకు అని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని ఫారంలో రాయడం చిన్నతనం కాదు. రాయకపోతే పరీక్షకుడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. బిడ్డను పగలంతా చూసుకునేది నాయనమ్మ అయితే ఆమెను కూడా ఆ గదిలోకి తీసుకువెళ్ళాలి. ఫలితం నచ్చకపోతే బడివారి ఖర్చుతోనే స్వతంత్ర పరీక్ష కోరవచ్చు; కాదనాలంటే తమ పరీక్ష సరైనదేనని బడివారే విచారణలో నిరూపించాలి. ఫలితం సరైనదని తోస్తే, నలుగురి మాటకు వెరవక సాయం అందుకోవాలి. పరీక్షకుడికి తెలియని ఇల్లు తల్లిదండ్రులకు తెలుసు, తల్లిదండ్రులకు తెలియని వైద్యం పరీక్షకుడికి తెలుసు. ఈ రెండూ ఒకే బల్ల దగ్గర కలిసినప్పుడే బిడ్డ గురించి వేసిన అంచనా నమ్మదగినదవుతుంది.